వేసవిలో యువ ఉద్యోగి: మూడు గడియారాల మధ్య రెండు రోజుల ప్రయాణం

హైదరాబాద్: బడికి వేసవి సెలవులుంటాయి, కోర్టులకూ ఉంటాయి. ఉద్యోగంలో చేరి మూడు నాలుగేళ్లయిన యువతీ యువకులకు మాత్రం వేసవి అంటే మార్చి నడిమి నుంచి జూన్ తొలి వారాల వరకు సాగే పనిదినాలు, నడుమ దొరికే కొన్ని శని, ఆదివారాలు. ఆ కొద్ది రోజుల్లోనే సొంతూరికి వెళ్లాలి, స్నేహితుల పెళ్లిళ్లకు హాజరు కావాలి, వీలైతే ఒకసారి కొండ గాలి పీల్చుకోవాలి. సోమవారం ఉదయానికి మళ్లీ కుర్చీలో ఉండాలి.

ఈ జీవితాన్ని మూడు గడియారాలు నడిపిస్తాయి. మొదటిది సూర్యుడిది, రెండోది ఆఫీసుది, మూడోది రైల్వే రిజర్వేషన్‌ది. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు. ఒక గడియారం చెప్పినట్లు నడిస్తే మరొకటి తప్పుతుంది. ఆ తప్పు చాలాసార్లు అలసటతో సరిపోతుంది. కొన్నిసార్లు ప్రాణం మీదికి తెస్తుంది. వేసవిలో నగర ఉద్యోగి దినచర్య ఎలా రూపుదిద్దుకుంటుందో, చిన్న ప్రయాణాల్లో ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందో, దానిని ఎలా తప్పించుకోవచ్చో ఈ కథనం వివరిస్తుంది.

ఒక గది, ఇద్దరు ఉద్యోగినులు

ఉదాహరణగా ఇద్దరిని ఊహించుకోవచ్చు. ఇద్దరికీ ఇరవై ఆరేళ్లు. మాదాపూర్ సమీపంలోని ఓ నాలుగంతస్తుల భవనంలో పై అంతస్తు గదిని కలిసి అద్దెకు తీసుకున్నారు. ఒకరు విజయనగరం జిల్లా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆమె పగలంతా ఏసీ గదిలో ఉంటుంది. మరొకరు నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన మెడికల్ రిప్రజెంటేటివ్. ఆమె మందుల సంచి భుజాన వేసుకుని స్కూటీ మీద ఆసుపత్రుల చుట్టూ తిరుగుతుంది.

వీరిద్దరిలో ఎండ వల్ల ఎవరికి ఎక్కువ ముప్పు అని అడిగితే ఎవరైనా రెండో ఆమె పేరే చెబుతారు. వారంలో ఐదారు రోజుల మట్టుకు ఆ జవాబు సరైనదే. కానీ శనివారం మధ్యాహ్నం ఇద్దరూ కలిసి ఓ కొండ ఎక్కడం మొదలుపెడితే లెక్క తిరగబడవచ్చు. కారణం శరీర ధర్మంలో ఉంది. ముందుగా వేడిని అర్థం చేసుకోవాలి.

ఎండ, వడ, ఉక్క

వేడిని చెప్పడానికి తెలుగులో ఒక్క మాట చాలదు. సూర్యుడి నుంచి నేరుగా ఒంటి మీద పడేది ఎండ. పొడిగా, మొహం మీద సెగ కొట్టినట్లు వీచేది వడగాలి. గాలి ఆడక, చెమట ఆరక ఒళ్లంతా జిడ్డుగా ఉండేది ఉక్క. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల వారికి వడగాలి బాగా తెలుసు. కోస్తా వారికి ఉక్కపోత బాగా తెలుసు. ఈ మాటల వెనుక ఉన్న తేడా కేవలం భాషాపరమైనది కాదు, భౌతికశాస్త్రపరమైనది కూడా.

మనిషి శరీరం లోపలి ఉష్ణోగ్రత దాదాపు 37 డిగ్రీల సెల్సియస్. బయటి గాలి అంతకంటే వేడెక్కినప్పుడు ఒంటిలోని వేడిని బయటికి పంపే ప్రధాన మార్గం చెమట ఒక్కటే. అయితే చెమట కారితే సరిపోదు, అది ఆవిరి కావాలి. లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని వెంట తీసుకుపోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆవిరి కాక నేల మీద కారిపోతుంది. నీరు, ఉప్పు నష్టపోతాం గానీ ఒళ్లు చల్లబడదు. అందుకే విశాఖపట్నంలో 36 డిగ్రీలు హైదరాబాద్‌లోని 40 డిగ్రీల కంటే భారంగా తోచవచ్చు.

వాతావరణ శాఖ కూడా అన్ని ప్రాంతాలకూ ఒకే కొలమానం పెట్టుకోలేదు. గరిష్ఠ ఉష్ణోగ్రత మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు, తీర ప్రాంతాల్లో 37 డిగ్రీలు, కొండ ప్రాంతాల్లో 30 డిగ్రీలు చేరితేనే వడగాలుల పరిస్థితిని పరిశీలిస్తుంది. ఆ రోజుకు సాధారణంగా ఉండవలసిన దానికంటే 4.5 నుంచి 6.4 డిగ్రీల వరకు పెరిగితే వడగాలులుగా, 6.4 డిగ్రీలు దాటితే తీవ్ర వడగాలులుగా పరిగణిస్తుంది. మైదానాల్లో అయితే సాధారణంతో నిమిత్తం లేకుండా 45 డిగ్రీలు చేరితే వడగాలులు, 47 చేరితే తీవ్ర వడగాలులు. ఒక వాతావరణ ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో వరుసగా రెండు రోజులు ఈ పరిస్థితి ఉంటే రెండో రోజున ప్రకటన వెలువడుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. వాతావరణ కేంద్రంలో ఉష్ణోగ్రతను నీడలో, గాలి ఆడేలా అమర్చిన చెక్క పెట్టెలో కొలుస్తారు. సిగ్నల్ దగ్గర తారు రోడ్డు మీద బండి ఆపి నిలబడిన మనిషి అనుభవించే వేడి అది కాదు. ఫోన్ తెర మీద 41 అని కనిపిస్తే అది నీడ లెక్క అని గుర్తుంచుకోవాలి.

పగటి కంటే రాత్రి

నగరవాసి వేసవిని పగటి ఉష్ణోగ్రతతో కొలుస్తాడు. శరీరం మాత్రం రాత్రితోనూ కొలుస్తుంది. పగలంతా పడిన శ్రమ నుంచి గుండె, రక్తనాళాలు తేరుకునేది రాత్రి చల్లదనంలోనే. ఆ చల్లదనం దొరకకపోతే మరుసటి రోజు ఎండను తట్టుకునే శక్తి తగ్గుతుంది. గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు తగ్గకుండా ఉన్న ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత సాధారణం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీల వరకు ఎక్కువైతే వాతావరణ శాఖ దానిని వేడి రాత్రిగా ప్రత్యేకంగా గుర్తించడానికి కారణం ఇదే.

నగరాల్లో ఈ సమస్య మరింత ఎక్కువ. కాంక్రీటు, తారు పగలు పీల్చుకున్న వేడిని రాత్రి నెమ్మదిగా వదులుతాయి. ఒకదానికొకటి ఆనుకుని లేచిన భవనాల మధ్య ఆ వేడి ఆకాశంలోకి పోయే దారి మూసుకుపోతుంది. చెట్లు, చెరువులు తగ్గాయి. ప్రతి ఏసీ గదిలోని వేడిని వీధిలోకి నెడుతుంది. శివార్లలో పొలాల మధ్య ఉన్న ఊరికీ, నగరం నడిబొడ్డుకూ రాత్రివేళ తేడా ఎక్కువగా కనిపించేది అందుకే.

అద్దె తక్కువని యువత ఎంచుకునే పై అంతస్తు గది ఈ వేడికి తొలి చిరునామా. పగలంతా ఎండిన స్లాబు రాత్రి పది దాటినా గదిలోకి సెగ దింపుతూనే ఉంటుంది. పై కప్పుకు సున్నం గానీ, సూర్యకాంతిని తిప్పికొట్టే తెల్లని పూత గానీ వేయిస్తే గది చెప్పుకోదగినంత చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం ఈ సూత్రం మీదే ఆధారపడింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపై స్థలాల్లోని నివాసాలకు దానిని తప్పనిసరి చేశారు. చిన్న స్థలాల్లోని ఇళ్లకు అది ఐచ్ఛికం. అద్దె గదులు ఎక్కువగా ఉండేది ఆ చిన్న స్థలాల్లోనే. పూత వేయించవలసింది యజమాని, ఉక్కలో పడుకునేది అద్దెకున్నవారు. ఖర్చు ఒకరిది, లాభం మరొకరిది కావడం వల్లే పని జరగదు. గదిలో ఉన్నవారంతా కలిసి అడగడం, అవసరమైతే ఖర్చులో కొంత భాగం పంచుకోవడం ఆచరణలో ఫలించే మార్గం.

కూలర్, ఫ్యాన్, ఏసీల మధ్య ఎంపిక కూడా ఎండ, ఉక్కల తేడాను బట్టే ఉండాలి. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. కాబట్టి పొడి గాలి ఉన్న హైదరాబాద్‌లో, అదీ కిటికీ తెరిచి ఉంచితే, బాగా పనిచేస్తుంది. తేమ నిండిన తీర ప్రాంతంలో అదే కూలర్ ఉక్కను పెంచుతుంది. గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ వేడి గాలినే ఒంటి మీదికి తోస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. అలాంటప్పుడు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవడం మేలు. ఏసీ ఉన్నవారు 24 డిగ్రీల వద్ద ఉంచితే చాలు. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే విద్యుత్ వాడకం దాదాపు 6 శాతం తగ్గుతుందని ఇంధన సామర్థ్య మండలి చెబుతోంది.

ఆఫీసు గడియారం ఎవరి దేశానిది?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని దినచర్యను హైదరాబాద్ సూర్యుడు నిర్ణయించడు, న్యూయార్క్ లేదా లండన్ గడియారం నిర్ణయిస్తుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం నాడు, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం నాడు గడియారాలను గంట ముందుకు జరుపుతారు. భారత్‌లో ఆ పద్ధతి లేదు. ఫలితంగా న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలకు మొదలయ్యే సమావేశం శీతాకాలంలో మనకు రాత్రి 7.30కి పడితే, వేసవిలో సాయంత్రం 6.30కే పడుతుంది. లండన్‌లో ఉదయం 9 గంటల సమావేశం మధ్యాహ్నం 2.30 నుంచి 1.30కి జరుగుతుంది.

ఒక గంటే కదా అనిపించవచ్చు. బ్రిటన్ ఖాతాదారులకు పనిచేసే ఉద్యోగి ఆ గంట కారణంగా సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఇంటి నుంచి బయలుదేరాలి. అమెరికా పశ్చిమ తీరంతో పనిచేసే వారికి వేసవిలో రాత్రి 9.30కి మొదలయ్యే పిలుపులు అర్ధరాత్రి దాటే దాకా సాగుతాయి. తెల్లవారాక పడుకుందామంటే ఏడింటికే కిటికీలోంచి ఎండ దిగుతుంది. నిద్ర నాలుగైదు గంటలకు కుదించుకుపోతుంది. శుక్రవారం రాత్రి ప్రయాణానికి సిద్ధమయ్యే మనిషి అప్పటికే వారం రోజుల నిద్ర బాకీతో ఉంటారు.

రెండో ఉద్యోగినికి ఆఫీసు అంటూ ఒక గది లేదు. వైద్యులు దొరికేది మధ్యాహ్నం ఓపీ ముగిసే వేళకే కాబట్టి ఆమె ఎండలో ఉండక తప్పదు. డెలివరీ చేసేవారు, నిర్మాణ స్థలాల్లోని యువ ఇంజినీర్లు, సర్వేయర్లు, బీమా ఏజెంట్లు, రుణ వసూలు సిబ్బంది పరిస్థితీ ఇంతే. అహ్మదాబాద్ నగరం 2010 వడగాలుల తరువాత 2013లో దక్షిణాసియాలోనే తొలి వేడి నివారణ ప్రణాళికను తెచ్చింది. ఆ తరువాత అనేక రాష్ట్రాలు, నగరాలు అలాంటివి రూపొందించాయి. 2015లో దేశవ్యాప్తంగా వడగాలులకు రెండు వేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. చలివేంద్రాలు, పనివేళల మార్పు, ముందస్తు హెచ్చరికలు ఈ ప్రణాళికల్లో ప్రధానాంశాలు. రోజువారీ లక్ష్యాలతో పనిచేసే క్షేత్ర సిబ్బందికి మాత్రం మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఆగే స్వేచ్ఛ యాజమాన్యం ఇస్తేనే ఉంటుంది.

శరీరం అలవాటు పడే తీరు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చు. రోజూ కొంతసేపు వేడిలో శ్రమించే మనిషి శరీరం 7 నుంచి 14 రోజుల్లో వేడికి అలవాటు పడుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అదే పనికి గుండె తక్కువ వేగంతో కొట్టుకుంటుంది. ఈ సర్దుబాటు ఏసీ గదిలో కూర్చున్న వారికి జరగదు. ఎండలో తిరగడం మానేస్తే కొద్ది వారాల్లోనే పోతుంది కూడా.

కాబట్టి శనివారం మధ్యాహ్నం కొండ ఎక్కేటప్పుడు, మిగతావన్నీ సమానమైతే, వారమంతా స్కూటీ మీద తిరిగిన ఆమె శరీరం కొంత సిద్ధంగా ఉంటుంది. ఏసీలో గడిపిన ఆమె శరీరం ఉండదు. ఇద్దరూ ఒకే వయసు, ఒకే ఆరోగ్యం. అయినా మొదట తల తిరిగేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగినికే కావచ్చు. వడదెబ్బ వృద్ధులకూ కూలీలకూ మాత్రమే తగులుతుందనే నమ్మకం యువతను ఏమరుపాటులో ఉంచుతుంది.

ఇక్కడే మరో అపోహ ఉంది. వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోయి చర్మం పొడిబారుతుందని చాలామంది విని ఉంటారు. ఇంట్లో ఉక్కలో మగ్గిన వృద్ధుల విషయంలో అది తరచూ నిజం. ఎండలో పరుగు, నడక, ఆట వంటి శ్రమ వల్ల యువతకు వచ్చే వడదెబ్బలో చెమట ధారగా కారుతూనే ఉండవచ్చు. చూడవలసింది చెమటను కాదు, తెలివిని. మాట తడబడటం, పొంతన లేని జవాబులు, చిరాకు, నడకలో తూలడం, మూర్ఛ కనిపిస్తే అది వడదెబ్బే అనుకుని వెంటనే కదలాలి. అప్పటికి శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఎదురుచూడకుండా నీడకు చేర్చి, బిగుతైన దుస్తులు వదులు చేసి, ఒళ్లంతా నీటితో తడుపుతూ విసరాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

అంతకు ముందు దశలో, అంటే నీరసం, తలనొప్పి, వాంతి వచ్చేటట్లు ఉండటం, కండరాలు పట్టేయడం ఉండి, తెలివి మాత్రం స్పష్టంగా ఉన్నప్పుడు నీడ, విశ్రాంతి, ఓఆర్‌ఎస్ సరిపోతాయి. ఓఆర్‌ఎస్ పొట్లం మీద లీటరు అని ఉంటే లీటరు నీటిలోనే కలపాలి. రుచి కోసం అరలీటరులో కలిపితే ప్రయోజనం బదులు హాని జరుగుతుంది. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, రాగి అంబలి మన వంటింటి పరిష్కారాలు. తాటి ముంజలు, కొబ్బరి నీళ్లు దారిలో దొరికేవి. మద్యం మాత్రం మూత్రాన్ని పెంచి నీటిని మరింత లాగేస్తుంది. విహారయాత్రల్లో చేసే పెద్ద పొరపాటు అదే.

రిజర్వేషన్ గడియారం

మూడో గడియారం రైల్వేది. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. ప్రయాణ దినాన్ని లెక్కలోంచి మినహాయిస్తారు. మే 15న బయలుదేరాలంటే మార్చి 16 ఉదయం 8 గంటలకు టికెట్లు తెరుచుకుంటాయి. సెలవు మంజూరు కావడానికి చాలా ముందే ప్రయాణం తేదీ ఖరారు చేసుకోవాలన్నమాట.

ఆ అవకాశం పోతే తత్కాల్ మిగులుతుంది. ప్రయాణానికి ముందు రోజు ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు మొదలవుతుంది. రైలు మొదలయ్యే స్టేషన్ నుంచి బయలుదేరే తేదీని బట్టి ఈ లెక్క ఉంటుంది. దూరప్రాంతం నుంచి వచ్చే రైలు సికింద్రాబాద్‌కు మరుసటి రోజు చేరితే, తత్కాల్ రెండు రోజుల ముందే తెరుచుకుంటుంది. 2025 జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి అయింది. తొలి అరగంట ఏజెంట్లకు అవకాశం లేదు. బెర్తు ఖరారైన తత్కాల్ టికెట్‌ను రద్దు చేసుకుంటే మామూలుగా డబ్బు తిరిగిరాదు. పూర్తిగా నిరీక్షణ జాబితాలోనే ఉండిపోయిన ఆన్‌లైన్ టికెట్ చార్టు తయారయ్యాక దానంతట అదే రద్దవుతుంది. దానిని చూపి రిజర్వుడు పెట్టె ఎక్కడం కుదరదు.

వేసవిలో ఒత్తిడి పెరగడానికి పర్యటకులు మాత్రమే కారణం కాదు. బడి సెలవులు, పెళ్లి ముహూర్తాలు, ఊరి జాతరలు అన్నీ అప్పుడే. విజయనగరం జిల్లా ఉద్యోగినికి అసలైన వేసవి ప్రయాణం ఊటీ కాదు, ఇల్లు. ఆవకాయకు కాయ కోయించే రోజుకు చేరుకోవాలని అమ్మ కోరుతుంది. కాయ ముదిరితే టెంక గట్టిపడుతుంది, పండితే ముక్క మెత్తబడుతుంది. ఆ కోరికకూ గడువుంటుంది. వెళ్లేటప్పుడు ఖాళీ సంచి, వచ్చేటప్పుడు జాడీ నిండా సంవత్సరానికి సరిపడా రుచి. ఈ ప్రయాణాన్ని ఏ పర్యటక ప్రకటనా చూపించదు గానీ శుక్రవారం రాత్రి బస్టాండ్లు, స్టేషన్లు నిండేది చాలావరకు ఇలాంటి వారితోనే.

కొండ ఎంత చల్లబరుస్తుంది?

ఒకప్పుడు వేసవికి ఆఫీసే కొండ ఎక్కేది. 1864 నుంచి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఏటా షిమ్లాకు తరలివెళ్లేది. మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం ఊటీకి వెళ్లేది. అన్నమయ్య జిల్లా మదనపల్లె సమీపంలోని ఏనుగు మల్లమ్మ కొండ మీద కడప కలెక్టర్ డబ్ల్యు.డి. హార్స్‌లీ వేసవి విడిది కట్టించుకున్నాకే దానికి హార్స్‌లీ హిల్స్ అనే పేరొచ్చింది. నేటి ఉద్యోగికి దక్కేది రెండు రోజులు. అందుకే ఆ రెండు రోజులకు తగిన ఎత్తు ఏదో ముందే లెక్క వేసుకోవడం అవసరం.

సగటున ప్రతి కిలోమీటరు ఎత్తుకు ఉష్ణోగ్రత 6.5 డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ ఇప్పటికే సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది. దాదాపు 1,265 మీటర్ల హార్స్‌లీ హిల్స్‌కు వెళితే తేడా నాలుగైదు డిగ్రీలే. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు వెళితే ఎత్తు వల్ల వచ్చే చల్లదనం స్వల్పం. అక్కడ హాయినిచ్చేది అడవి నీడ. విశాఖపట్నం నుంచి సుమారు 900 మీటర్ల అరకుకు ఎక్కితే ఆరు డిగ్రీల వరకు తేడా ఉంటుంది, ఉక్క కూడా తగ్గుతుంది. శీతాకాలపు మంచుకు పేరొందిన లంబసింగిలో మే నెలలో మంచు కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. సుమారు 2,240 మీటర్ల ఊటీ నిజంగా చల్లన. అయితే హైదరాబాద్ నుంచి రెండు రోజుల్లో వెళ్లిరావడం అంటే దాదాపు కాలమంతా దారిలోనే గడపడం. పైగా మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్‌లకు వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి అయింది. బయలుదేరే ముందు తాజా పరిమితులను చూసుకోవాలి.

సొంతూరికీ కొండకూ ఒకే ప్రయాణంలో చోటు కావాలంటే విజయనగరం ఉద్యోగినికి అరకు అనుకూలం. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం సొరంగాల మీదుగా తూర్పు కనుమలు ఎక్కుతుంది. 2017 నుంచి ఆ దారిలో అద్దాల పెట్టె నడుస్తోంది. అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించిన నేల అది. ఒక పగలు చాలు. అదే ప్రయాణంలో బొర్రా గుహలు, మరో జలపాతం, రాత్రి తిరుగు ప్రయాణం అన్నీ ఇమిడ్చాలనుకుంటే అలసటే మిగులుతుంది.

నీరు, అడవి, రాత్రి దారి

వేసవి విహారాల్లో విషాదాలు ఎక్కువగా నీటి దగ్గర జరుగుతాయి. జలాశయాల్లో నీరు తగ్గాక ఒడ్డు సమంగా కనిపిస్తుంది, రెండడుగులు వేయగానే లోతు మారుతుంది. అడుగున బురద కాళ్లను పట్టేస్తుంది. ఎగువ నుంచి నీరు వదిలితే ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది. సముద్రంలో అలలు విరగని ప్రశాంతమైన పాయ చూడటానికి సురక్షితంగా ఉంటుంది గానీ, లోపలికి లాగే ప్రవాహం తరచూ అక్కడే ఉంటుంది. అందులో చిక్కుకుంటే తీరం వైపు ఎదురీదకూడదు. తీరానికి సమాంతరంగా ఈది పాయ దాటాక ఒడ్డుకు రావాలి. మునిగిపోతున్న మిత్రుడి కోసం ఈత రానివారు దూకడం వల్లే ఒక మరణం రెండు, మూడు అవుతుంది. చున్నీ, తాడు, కర్ర, ఖాళీ నీళ్ల డబ్బా ఏది దొరికినా ఒడ్డు నుంచే అందించాలి.

ఎండకు జడిసి రాత్రి బయలుదేరడం సహజం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవారు అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను అనుమతించరని తెలుసుకోవాలి. వన్యప్రాణుల కోసం పెట్టిన ఆ నిబంధన, నిద్ర బాకీతో చక్రం పట్టుకున్న మనిషికీ మేలు చేసేదే. రాత్రి 2 నుంచి 6 మధ్య శరీరం సహజంగానే నిద్రలోకి జారుతుంది. కిటికీ తెరవడం, పాటలు పెంచడం ఆ నిద్రను ఆపలేవు. బండి ఆపి ఇరవై నిమిషాలు కునుకు తీయడమే ఆపుతుంది. టైర్లలో గాలిని బండి చల్లగా ఉన్నప్పుడే చూపించుకోవాలి. ఎండలో నిలిపిన కారులో పిల్లలను, పెంపుడు జంతువులను కొద్ది నిమిషాలైనా వదలకూడదు. జాతీయ రహదారులపై సహాయానికి 1033, అత్యవసరానికి 112 పనిచేస్తాయి.

మే నెల సాయంత్రాలు మరో ముప్పునూ తెస్తాయి. మామిడి జల్లులుగా పిలిచే ఋతుపవనాల ముందటి వానలు ఉరుములు, పిడుగులతో వస్తాయి. కొండ కొన మీద, ఒంటరి చెట్టు కింద, నీటిలో ఉండటం ప్రమాదకరం. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ సమీపంలో పిడుగు పడే అవకాశాన్ని ముందే తెలుపుతుంది.

సోమవారం లెక్క

ఆదివారం రాత్రి బస్సెక్కి, సోమవారం తెల్లవారుజామున దిగి, స్నానం చేసి నేరుగా ఆఫీసుకు వెళ్లడం యువ ఉద్యోగుల్లో సర్వసాధారణం. ఏసీలో కూర్చునే మొదటి ఆమెకు దాని వల్ల పనిలో తప్పులు దొర్లవచ్చు. రెండో ఆమె అదే సోమవారం నిద్రలేని కళ్లతో స్కూటీ మీద 42 డిగ్రీల ఎండలోకి వెళ్లాలి. ప్రయాణం ఇద్దరిదీ ఒకటే అయినా మూల్యం ఒకటి కాదు. ఇద్దరూ కలిసి ప్రణాళిక వేసుకునేటప్పుడు తిరుగు ప్రయాణం ఆదివారం మధ్యాహ్నానికి మార్చుకుంటే, ఒక చోటు చూడటం తగ్గుతుంది, ఒక రాత్రి నిద్ర మిగులుతుంది.

మిగతా జాగ్రత్తలు కూడా ఖర్చుతో కూడినవి కావు. నడక, కొండ ఎక్కడం ఉదయం పదిలోపు ముగించాలి. ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి ఏసీ ఉద్యోగులు రోజూ సాయంత్రం కొంతసేపు బయట నడిచి శరీరాన్ని అలవాటు చేయాలి. వెళ్లేముందు వాతావరణ శాఖ ఇచ్చే రంగుల హెచ్చరిక చూడాలి. పసుపు అంటే గమనించమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే చర్య తీసుకోమని అర్థం. ఎరుపు ఉన్న రోజున టికెట్ డబ్బు పోయినా ప్రయాణం మానుకోవడమే లాభం.

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని సామెత. మే చివరి వారంలో మొదలయ్యే ఆ కార్తె జూన్ మొదటి వారంలో ముగిసి మృగశిర వస్తుంది. ఋతుపవనాలు సాధారణంగా జూన్ 1న కేరళను తాకి, ఆపై తెలుగు నేల మీదికి చేరుకునే కాలం కూడా అదే. మృగశిర నాడు తెలంగాణలో చేపల కూర వండుకుంటారు. ఆ వేళకు హైదరాబాద్‌లోని పై అంతస్తు గది స్లాబు మీద తొలి వాన పడి ఉంటే, ఇద్దరు ఉద్యోగినులూ కిటికీ తెరుచుకుని పడుకోగలుగుతారు. విజయనగరం నుంచి వచ్చిన జాడీలో ఆవకాయ అప్పటికి బాగా ఊరి ఉంటుంది.